మూడు వందలతో నుమాయిష్

వార్షికోత్సవ సంచికకు పాత విద్యార్థులు కూడా ఏదో ఒకటి రాసివ్వాలని హాస్టల్ నుంచి కబురు వచ్చినప్పుడు మా ఐదుగురికీ ఒకే విషయం గుర్తుకొచ్చింది. చదువు గొప్పతనం గురించి, క్రమశిక్షణ గురించి రాసేవాళ్ళు ఎలాగూ ఉంటారు. మేం ఖర్చు గురించి రాస్తాం. జేబులో కొంచెం డబ్బు పెట్టుకుని పెద్ద ఎగ్జిబిషన్‌కు పోయి, చూడాల్సినదంతా చూసి, ఎవరి ముందూ చేయి చాపకుండా తిరిగి రావడం ఎలాగన్నది మన హాస్టల్ పిల్లలకు అక్కరకొచ్చే విద్యేనని మా నమ్మకం.

ఇది 2007 సంక్రాంతి సెలవుల నాటి మాట. అంతకు ముందు ఏడాదే వజ్రకరూరు సాంఘిక సంక్షేమ వసతి గృహంలో పదో తరగతి ముగించి, గుంతకల్లులో ఇంటర్‌లో చేరాం. పండగకు హాస్టళ్ళు మూసేస్తారు. అందరికీ సెలవులంటే సంబరం, మాలో ముగ్గురికి మాత్రం దిగులు. ఇంటికి పోతే తలుపుకు తాళం ఉంటుంది. అనంతపురం జిల్లా పల్లెల్లో పుట్టినవాళ్ళకు ఈ తాళం సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. శెనక్కాయ పంట చేతికి రాని ఏడు, వచ్చినా అప్పుకు చాలని ఏడు, అమ్మానాయనలు మూట కట్టుకుని బెంగుళూరుకు బిల్డింగు పనులకు పోతారు. అవ్వ ఉంటే పిల్లలు అవ్వ దగ్గర, లేకుంటే హాస్టల్‌లో. మేమూ బెంగుళూరే పోదామంటే, కడుతున్న బిల్డింగు పక్కన రేకుల షెడ్డులో వాళ్ళే ముడుచుకుని పడుకుంటారు, అందులో మా కాళ్ళు చాపే చోటెక్కడిది?

అప్పుడు గుర్తొచ్చాడు మన హాస్టల్‌లోనే చదివి ఉస్మానియా యూనివర్సిటీలో పీజీ చేస్తున్న ఒక అన్న. "జనవరిలో నుమాయిష్ ఉంటుంది, చూడాలంటే రండి, పడుకోవడానికి నా గది ఉంది" అని ఒకసారి మాట వరసకు అన్నాడు. మాట వరసకే అన్నాడని మాకూ తెలుసు. అయినా పట్టుకున్నాం.

తలా మూడు వందలు అనుకున్నాం. అంత డబ్బు సెలవులు దగ్గర పడ్డాక పుట్టదు కాబట్టి కార్తీకం నుంచే మొదలుపెట్టాం. ఆదివారం వచ్చిందంటే ఊరికొచ్చి, శెనక్కాయ పీకిన చేలల్లో పరిగ ఏరేవాళ్ళం. పీకేటప్పుడు తెగి భూమిలోనే ఉండిపోయిన కాయలను తొలికతో గెలికి ఏరుకోవడమే పరిగ. పూటంతా నడుము వంచితే చిన్న సంచిలో సగం. అమ్మగా వచ్చిన డబ్బు మా దగ్గర ఉంచుకోలేదు. హాస్టల్ వంట పెద్దమ్మ దగ్గర బియ్యం డబ్బాలో దాపెట్టాం. "నడమధ్యలో వచ్చి అడిగితే ఇయ్యను, ముందే చెప్తాండా" అన్నదామె. మాలో ఒకడు సినిమాకని అడగనే అడిగాడు, ఆమె ఇవ్వనే లేదు. ఆ మూడు వందలు మూడు వందలుగా మిగలడంలో సగం పుణ్యం ఆమెదే.

తక్కువ ఖర్చుతో తిరగడం మాకు నేర్పింది మరెవరో కాదు, మన ఊళ్ళో వజ్రాలు వెతికేవాళ్ళు. తొలకరి పడితే మన చేలకు ఎక్కడెక్కడి నుంచి జనం వస్తారో మీకూ తెలుసు, పక్క కర్ణాటక నుంచి కూడా వస్తారు. వాళ్ళలో రెండు రకాలను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాం. ఒక రకం బాడుగ జీపులో దిగి, హోటల్లో తిని, సాయంత్రానికి డబ్బయిపోయి వెనక్కి పోతారు. రెండో రకం బియ్యం, పప్పు, పొయ్యి మూటగట్టుకుని వచ్చి, చెట్టు కిందో గుడి అరుగు మీదో పడుకుని వారం ఉంటారు. వజ్రం దొరకడం అదృష్టం. కానీ వెతికే రోజులు ఎక్కువ దొరికేది మాత్రం రెండో రకానికే. మేం రెండో రకంలాగా బయలుదేరాం. జొన్న రొట్టెలు, శెనక్కాయల పొడి, సంచెడు బొరుగులు, నీళ్ళ సీసాలు. గుంతకల్లులో రాత్రి రాయలసీమ ఎక్స్‌ప్రెస్ జనరల్ బోగీ ఎక్కితే తెల్లారేసరికి హైదరాబాదు. రైలు ఛార్జీలు, సిటీ బస్సులు తీసేస్తే తలకు వంద రూపాయలు మిగిలాయి. ఆ ఐదు వందలూ ఒక్కడికే ఇచ్చి వాడికి ఖజానా అని పేరు పెట్టాం. వాడి ప్యాంటు లోపలి వైపు జేబు కుట్టించాం. ఆ కుట్టుకూలి ఐదు రూపాయలు మేం పెట్టిన ఖర్చులన్నిటిలోకీ మంచి ఖర్చు.

ఇక నుమాయిష్ గురించి. ఉర్దూలో ఆ మాటకు ప్రదర్శన అనే అర్థం. అసలు పేరు అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శన. 1938లో, ఏడో నిజాం కాలంలో, ఉస్మానియా పట్టభద్రుల సంఘం వాళ్ళు రాష్ట్రంలో ఆర్థిక సర్వే చేయాలనుకుని, దానికి డబ్బు కూడబెట్టడానికి పబ్లిక్ గార్డెన్స్‌లో స్థానిక వస్తువులతో చిన్న ప్రదర్శన పెట్టారు. మొదటి పెట్టుబడి రెండున్నర రూపాయలని చెబుతారు! 1946లో నాంపల్లి మైదానానికి మారింది. ఏటా జనవరి 1న మొదలై ఫిబ్రవరి 15 దాకా నడుస్తుంది. 2019 జనవరి 30 రాత్రి అగ్నిప్రమాదంలో వందల దుకాణాలు కాలిపోయినా మళ్ళీ లేచింది. 2021లో మాత్రం కరోనా వల్ల జరగలేదు.

నుమాయిష్ సాయంత్రం వేళ సంత. కాబట్టి పగలంతా అన్న గదిలో నిద్రపోయి, మెస్సులో కడుపునిండా తిని, కోఠీ దాకా బస్సులో వచ్చి, అక్కడి నుంచి మొజంజాహీ మార్కెట్ మీదుగా నాంపల్లికి నడిచాం. తిని బయలుదేరడం చాలా ముఖ్యం తమ్ముళ్ళూ. లోపల మిరపకాయ బజ్జీల వాసన, కబాబుల పొగ ఆకలి లేనివాడికి కూడా ఆకలి పుట్టిస్తాయి. ఖాళీ కడుపుతో పోయినవాడి జేబు మొదటి అరగంటలోనే ఖాళీ.

గేటు బయట ఒకాయన పాసులు సగం ధరకు ఇస్తామని మా వెంట పడ్డాడు. ఐదుగురికి సగం అంటే మాకు చిన్న మొత్తం కాదు. ఖజానా మాత్రం కదల్లేదు. "సగం ధర పాసు చెల్లకపోతే మళ్ళీ పూర్తి ధర పెట్టాల, అప్పుడు ఒకటిన్నర అయితాది" అన్నాడు. లెక్కల్లో వాడికి ఎప్పుడూ ముప్పై అయిదు దాటలేదు, ఆ రోజు మాత్రం నూటికి నూరు. కౌంటర్లోనే కొన్నాం. ఆ టికెట్ల డబ్బు ఎక్కడికి పోతుందో మాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. నుమాయిష్ నడిపే ఎగ్జిబిషన్ సొసైటీ వచ్చిన ఆదాయంతో పదిహేనుకు పైగా విద్యాసంస్థలను నడుపుతుంది. ఆ మైదానంలోనే ఉన్న సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయ, కమలా నెహ్రూ పాలిటెక్నిక్ ఆడపిల్లలవి. ఒకరి డబ్బుతో మరొకరి చదువు సాగడమంటే ఏమిటో మన హాస్టల్ వాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

లోపల ఖజానా పెట్టిన షరతు ఒక్కటే, మొదటి చుట్టు ఏమీ కొనకూడదు. రెండు గంటలు నడిచాం. కాశ్మీరు శాలువలు, లక్నో చికన్ బట్టలు, జైళ్ళ శాఖ వాళ్ళ బల్లలు, కుర్చీలు, ప్రభుత్వ శాఖల స్టాళ్ళు. శాఖల స్టాళ్ళలో కాగితాలు ఊరికే ఇస్తారు, తీసుకున్నాం. చూడటానికి డబ్బులు లేవు కదా! పూసలు, రంగురాళ్ళు అమ్మే ఒకాయన ఏ ఊరని అడిగాడు. వజ్రకరూరు అనగానే కుర్చీలో నుంచి లేచి "సంచిలో ఏమున్నాయి?" అన్నాడు. బొరుగులు చూపించాం. నవ్వి తనూ ఒక గుప్పెడు తిన్నాడు.

మాలో ఒకడి దగ్గర మాత్రం లెక్కలో లేని రెండు వందలు ఉన్నాయి. వాళ్ళమ్మ బెంగుళూరు షెడ్డులో పడుకుంటున్నది. జనవరి చలికి సిమెంటు సంచులు కప్పుకుంటున్నామని ఫోన్‌లో నవ్వుతూ చెప్పిందట. వాడు ఒక మంచి రగ్గు కొనాలని వచ్చాడు. ఒక స్టాల్లో నచ్చింది, రెండు వందల ఎనభై అన్నాడు. బేరమాడితే రెండు వందల యాభైకి దిగి, ఇక కదల్లేదు. తక్కువ పడిన యాభై అందరం వేసుకుందామన్నాం. అంటే రంగులరాట్నం లేదు. వాడు రగ్గును చేత్తో తడుముతూ నిలబడ్డాడు, మేం వెనకాల పైకి చూస్తూ నిలబడ్డాం. అంత పెద్ద రాట్నం మేం అంతవరకూ చూడలేదు. ఎక్కకుండా పోతే ఊళ్ళో ఏం చెప్పాలన్న బాధ ఒకవైపు, అడగడానికి నోరు రాని వాడి ముఖం ఒకవైపు. ఆ ఐదు నిమిషాలు ఎవరం మాట్లాడలేదు. కూడా వచ్చిన అన్న అప్పుడు చెప్పాడు. "ఇట్లాంటి రగ్గే కోఠీ ఫుట్‌పాత్ మీద ఉంటాది. బయట దొరికేది లోపల కొనొద్దు. బయట దొరకనిదానికే లోపల ఖర్చు పెట్టండి."

బయట దొరకనిది రాట్నమే. ఐదుగురం ఎక్కాం. పైకి పోయి ఒక్క క్షణం ఆగినప్పుడు నగరమంతా దీపాలు. మాలో పొడుగువాడు కళ్ళు మూసుకుని "దించండప్పా" అని అరిచాడు, వాడి పేరు రాయొద్దని ఒట్టు వేయించుకున్నాడు కాబట్టి రాయడం లేదు. టాయ్ ట్రైన్ ఎక్కలేదు, మరణ బావి చూడలేదు. ఆ చప్పుడు బయటికే వినిపించింది, అది చాలనుకున్నాం. చివరగా ఐదుగురికి రెండు ప్లేట్ల బజ్జీలు.

మరునాడు కోఠీలో రగ్గు నూట నలభైకి వచ్చింది. అదే మందమని అనలేం, కొంచెం పలచన. రంగు మాత్రం అదే ఎరుపు. వాడు గుంతకల్లులో మాతోపాటు దిగకుండానే ఇంకో రైలు గురించి అడగడం మొదలుపెట్టాడు. మిగిలిన అరవై బెంగుళూరు టికెట్టుకు పనికొచ్చింది. వాళ్ళమ్మ రగ్గు చూసి మొదట తిట్టిందట, "చదువుకోరా అంటే దుడ్లు తగలేసి వచ్చినావా" అని. ఆ చలికాలమంతా దాన్ని కప్పుకున్నది వాడి చెల్లెలు.

ఇప్పుడు పోవాలనుకునే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు నాలుగు మాటలు. 2025లో ప్రవేశ టికెట్టు 50 రూపాయలు. 2018లో మెట్రో వచ్చాక గాంధీభవన్ స్టేషన్‌లో దిగితే గేటు పక్కనే. బడి తరఫున విజ్ఞాన యాత్రగా పోతే రైల్వేలో విద్యార్థులకు సెకండ్ క్లాసులో సగం, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు 75 శాతం రాయితీ ఉంది. దానికి హెడ్మాస్టరు గారి ధ్రువపత్రం కావాలి. కరోనా తర్వాత చాలా రాయితీలు ఎత్తేసినా ఇది ఉంచారు, ముందుగా స్టేషన్‌లో కనుక్కోండి. మనం సొంతంగా పోతే వర్తించదు. చెల్లెళ్ళకు 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు, ఆధార్ కార్డు మరవొద్దు. ఫిబ్రవరి రెండో వారంలో పోతే సరుకు వెనక్కి మోసుకుపోవడం ఇష్టంలేని వ్యాపారులు ధర బాగా దించుతారు. కొనే పని లేనివాళ్ళు ఎప్పుడు పోయినా ఒకటే. ఫోన్లో స్కాన్ చేసి కట్టే డబ్బు మాత్రం మాకు భయం. అది చేతిలో నుంచి పోతున్నట్టే అనిపించదు. పదహారేళ్ళ వయసులో మా దగ్గర ఫోన్ లేకపోవడం కూడా మా ఐదు వందలకు కలిసొచ్చిందేమో.

పడుకునే చోటే అన్నిటికంటే పెద్ద ఖర్చు. మన హాస్టల్‌లో చదివి హైదరాబాదులో ఉంటున్న అన్నలు, అక్కల ఫోన్ నంబర్లు ఒక నోటుబుక్కులో రాసి వార్డెన్ సార్ దగ్గర ఉంచాం. అందులో మా ఐదుగురిలో ఇద్దరివి కూడా ఉన్నాయి. రెండు రోజుల ముందు ఫోన్ చేసి రండి. చాపలు ఉన్నాయి, రగ్గులు మాత్రం మీరే తెచ్చుకోండి.