మూడవ తీగ

2024 జనవరిలో న్యూజెర్సీలో మా చెల్లెలింట ఉన్నాను. మా బెంగుళూరు చలికి కంబళి చాలు. అక్కడ గొట్టాల్లో నీళ్ళే గడ్డకడతాయి. ఇల్లు వెచ్చబరచే ఫర్నేసుకు గోడమీద పాత పాదరసపు థర్మోస్టాట్ ఉండేది. దాని బదులు స్మార్ట్ థర్మోస్టాట్ బిగిస్తానన్నాడు మేనల్లుడు. "ముందు కరెంటు ఆపరా!" అన్నాను.

పాతదానికి రెండు తీగలే చాలాయి. కొత్తది సదా మేలుకొని ఉండాలి గదా, 24 వోల్టులు ఎడతెగక అందడానికి మూడవ తీగ కావాలి. ఇల్లు చల్లబడుతున్నది; చెల్లెలు విసుక్కుంటున్నది. గోడ రంధ్రంలో వెతికితే, ఎన్నడూ వాడని నీలి తీగ చుట్టగా దొరికింది. ఈ కొస థర్మోస్టాట్‌కూ, ఆ కొస ఫర్నేసుకూ కలిపి కరెంటు వేశాము.

"మామయ్యా, వెలిగింది!" అన్నాడు. అంతవరకు నాతో ఇంగ్లీషే మాట్లాడినవాడు! మన పిల్లల్లోనూ ఆ తీగ ఉండే ఉంటుంది, కలపవలసినది మనమే.