కారు కింద ఉప్పు

బందరులో మా నాన్న ప్రతి ఆదివారం సైకిల్ పుల్లల్ని కొబ్బరినూనె గుడ్డతో తుడిచేవారు. ఉప్పుగాలి ఇనుముని తినేస్తుందని ఆయన భయం. సముద్రానికి వందల మైళ్ల దూరంలో, ఈ డెట్రాయిట్‌లో, అదే ఉప్పు నా కారుని తింటోందని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఈ ఊరి కిందే సుమారు 1,200 అడుగుల లోతున ఉప్పు గని ఉంది. చలికాలం వచ్చిందంటే రోడ్ల మీద మంచు గడ్డకట్టకుండా ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లు చక్రాలతో పైకి చిమ్మి కారు అడుగున పేరుకుంటాయి.

నాది 2009 నాటి చిన్న కారు. ఇంజన్ ఆయిల్ ఎప్పుడూ వేళకి మార్పించాను. కారుని చూసుకోవడమంటే అంతే అనుకున్నాను. నాలుగేళ్ల కిందట మార్చి నెలలో ఒక సిగ్నల్ దగ్గర బ్రేకు తొక్కితే పెడల్ నేలకి ఆనింది. బ్రేకుల ఏర్పాటు రెండు భాగాలుగా ఉంటుంది కాబట్టి, ఒకటి పోయినా రెండోది పట్టుకుంది. సగం కూడలి దాటాక కారు ఆగింది. వెనక సీట్లో మా అమ్మాయి ఉంది.

మెకానిక్ కారుని పైకెత్తి చూపించాడు. వెనక చక్రాలకి వెళ్లే సన్నటి ఉక్కు గొట్టం పొరలు పొరలుగా రాలుతోంది. దాని బదులు తుప్పుని బాగా తట్టుకునే రాగి-నికెల్ గొట్టం వేశాడు. బ్రేకు ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుందనీ, రెండు మూడేళ్లకొకసారి మార్చకపోతే లోపలి నుంచీ తుప్పు పడుతుందనీ అప్పుడే విన్నాను.

పెన్సిల్వేనియా, న్యూయార్క్ లాంటి రాష్ట్రాల్లో ఏటా కారుని తనిఖీ చేయించాలి. మిషిగన్‌లో ఆ నిబంధన లేదు. పాత కారు కొనుక్కుని తిరిగే మన పిల్లలకి నేను మొదట చెప్పేది ఇదే: ఇక్కడ మీ కారు అడుగు చూడమని మిమ్మల్ని ఎవరూ అడగరు. చలికాలానికి ముందొకసారి, తర్వాతొకసారి పైకెత్తించి చూపించుకోండి. మధ్యలో అడుగుభాగం కడిగించండి. ఒట్టి జాక్ మీద ఆనించిన కారు కిందికి మాత్రం ఎంత అనుభవమున్నా దూరకండి. జాక్ ఎత్తడానికే, మోయడానికి గట్టి నేల మీద స్టాండ్లు పెట్టాలి, చక్రాలకి అడ్డు వేయాలి. మంచు పడ్డ పొద్దున ఇంజన్ వేసేముందు పొగగొట్టం చుట్టూ మంచు తీసేయండి. అది మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ కారులోకి వస్తుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు.

ఇప్పుడు అమ్మాయికి పదహారు. ఈ కారే తన చేతికొస్తుంది. మొన్న టార్చిలైటు తీసుకుని టైరు పక్కన కూర్చుంది.

"నాన్నా, 1918 అని ఉందేంటి?"

"2018లో పంతొమ్మిదో వారంలో తయారైందని."

"అంటే నేను రెండో తరగతిలో ఉన్నప్పటిదా? మార్చేద్దాం."

అరుగుదల అంతగా లేదు గానీ, ఇన్నేళ్లకి రబ్బరు గట్టిపడి మంచు మీద పట్టు తగ్గుతుంది. అలాగేనన్నాను.

తర్వాత నేల మీద అట్ట పరుచుకుని, బయటి నుంచే వెనక చక్రం వైపు వెలుగు వేసి చూసింది.

"ఇక్కడ తడిగా ఉంది నాన్నా."

గబుక్కున మోకాళ్ల మీద కూర్చుని వేలితో తుడిచి చూశాను. జిడ్డు లేదు. కరిగిన మంచు నీళ్లే.