ముందు కడుపా, ముందు గౌరవమా?

పదిహేనేళ్ళ కిందటి మాట. కార్యకర్తల శిక్షణలో బోర్డు మీద పిరమిడ్ బొమ్మ గీసి మాస్లో సిద్ధాంతం చెప్పారు. అడుగున ఆకలి, దప్పిక. దాని మీద భద్రత. ఆపైన ప్రేమ, నలుగురితో కలిసి ఉండటం. తర్వాత గౌరవం. కొసన తనలోని శక్తిని పూర్తిగా పండించుకోవడం. కింది మెట్టు నిండితేనే మనిషి మనసు పై మెట్టు మీదికి పోతుందన్నారు. బాగుందనిపించి నోటుబుక్కులో దించుకున్నాను.

ఆ నెలలోనే ఒక పల్లెకు వెళ్ళాను. అక్కడి హోటల్లో మనవాళ్ళకు వేరే గ్లాసు. ఇదేమని అడిగినందుకు ఒక కూలితల్లి కొడుకును కొట్టారు. 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు అయింది. పెద్దమనుషులు డబ్బుతో రాజీకి వచ్చారు. ఇలాంటి కేసులో రాజీ అంటే సాక్షులు కోర్టులో మాట మార్చడమేనని లా చదివిన నాకు తెలుసు. అయినా ఆమె ఇంట్లో పొయ్యి వెలగకపోవడం చూసి, "తీసుకో అక్కా, ముందు కడుపు నిండాలి కదా" అన్నాను.

"డబ్బు తీసుకుంటే రేపు నా కొడుకు ఏ గ్లాసులో తాగాలి తమ్ముడా?" అంది.

నా దగ్గర జవాబు లేదు.

మాస్లో 1943లో రాసిన అసలు వ్యాసం తర్వాత సంపాదించి చదివాను. అందులో పిరమిడ్ బొమ్మే లేదు. ఆ వరుస అందరికీ ఒకేలా ఉండదని, ఆదర్శం కోసం అన్నీ వదులుకునేవాళ్ళు ఉంటారని ఆయనే రాశాడు. అయితే ఆయన వాళ్ళను మినహాయింపుల్లో చేర్చాడు. మన చరిత్రలో అది మినహాయింపు కాదు. 1927 మార్చి 20న మహాడ్ చెరువు నీళ్ళు తాగడానికి బాబాసాహెబ్ వెంట నడిచినవాళ్ళు దప్పిక తీర్చుకోవడానికే వెళ్ళారా? 1985లో కారంచేడులో తాగే నీళ్ళను పాడుచేయొద్దని ఒక మహిళ బిందె ఎత్తింది. ఆ బిందెలో దప్పిక ఎంత, గౌరవం ఎంత అని ఎవరు కొలవగలరు?

అలాగని ఆకలిని తేలిగ్గా తీసుకోలేం. ధమ్మపద అట్ఠకథలో ఆళవి రైతు కథ ఉంది. తప్పిపోయిన ఎద్దును వెతికి వెతికి అలసి ఆకలితో వచ్చిన అతని కోసం తథాగతుడు బోధ ఆపి ఎదురుచూశాడు. ముందు అన్నం పెట్టించాడు, తర్వాతే ధమ్మం చెప్పాడు. అన్నం పెట్టి పంపించేయలేదు. నేను మాత్రం అన్నం దగ్గరే ఆగిపోయాను.

ఈ సంగతి చెబితే ఒక ఉపాసకుడు, "గౌరవం కావాలనుకోవడం కూడా తృష్ణే కదా?" అని అడిగారు. మంచి ప్రశ్నే. పాళీలో తణ్హా ఉంది, ఛందమూ ఉంది. ఛందం చెడు వైపూ పోవచ్చు. కానీ మంచి చేయాలనే కుశల ఛందం లేనిదే సాధన ముందుకు సాగదు. అందుకే నాలుగు ఇద్ధిపాదాల్లో మొదటిది అదే. ఆ తల్లి ఎవరికన్నా పైన ఉండాలని కోరలేదు. అందరూ తాగే గ్లాసు అడిగింది, అదీ కొడుకు కోసం. దాన్ని తృష్ణ అనడానికి నాకు నోరు రాదు.

సాక్షులు నిలబడక చివరికి కేసు కొట్టేశారు. ఆమె డబ్బు ముట్టలేదు. ఆ హోటల్లో వేరే గ్లాసు మాత్రం మళ్ళీ కనిపించలేదు.

ఇప్పుడు ఏ గడప తొక్కినా సలహా చెప్పేముందు, "నీకేం కావాలమ్మా?" అని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా వింటున్నాను.

జై భీమ్. నమో బుద్ధాయ.