ముక్క పరీక్ష

రొమ్మునందు గాని మెడయందు గాని గడ్డ కనబడినపుడు, "చిన్న ముక్క తీసి పరీక్షకు పంపవలె"నని డాక్టరు చెప్పగానే మన యిండ్లలో గుండెలు జారిపోవును. రోగముకంటె పరీక్షకే మన మెక్కువ వెఱచుచున్నాము. సూది గాని కత్తి గాని తాకినచో కాన్సరు ఒడలెల్ల ప్రాకునన్న మాట యొక యింటినుండి మఱియొక యింటికి నడచుచున్నది. ఆ మాటను విచారింపక నమ్ముట ప్రాణములమీదికి వచ్చుచున్నది గనుక మాకు తెలిసినంతవఱకు సోదరీమణులకు విన్నవించుచున్నాము.

గడ్డ చేతికి తగులును. దాని నీడ ఎక్స్‌రే పటమునందు కనబడును. కాని నీడను చూచి మనిషి గుణమును చెప్పగలమా? రొమ్ములో వచ్చు గడ్డలలో పెక్కు కాన్సరు కానివే. పడుచువారికి తఱచుగా వచ్చు ఫైబ్రోఎడినోమా యట్టిదే. ఏది సాధువో, ఏది క్రూరమో తేల్చునవి కణములే. 1858లో జర్మనుదేశపు వైద్యుడు రుడాల్ఫు విర్కో తన గ్రంథమున, ప్రతి కణమును మఱియొక కణమునుండియే పుట్టునని చాటి, రోగమును కణములయందు వెదకు మార్గమును స్థిరపఱచెను. 1879లో ఫ్రెంచి వైద్యుడు ఎర్నెస్టు బెనియే ఈ పరీక్షకు బయాప్సీ యని పేరిడెను.

మాకు వదినగారి వరుసయగు నొకామెకు కుంకుడుకాయంత గడ్డ కనబడెను. డాక్టరు ముక్క పరీక్ష చేయింపుమనగా ఇంటి పెద్దమ్మగారు, "నిద్రపోవు పామును కఱ్ఱతో పొడుతురా?" అని అడ్డుపడిరి. నాలుగు నెలలు గడచెను. గడ్డ నిమ్మకాయంత యయ్యెను. అపుడు వదినగారు మాయొద్దకు వచ్చి, "నీవు సంస్కృతము చదివితివి గదా! మన పాతగ్రంథములు దీనినిగూర్చి యేమనుచున్నవి?" అని యడిగిరి.

సుశ్రుతసంహిత నిదానస్థానమున గ్రంథి, అర్బుదము అని వేఱువేఱుగా చెప్పబడియున్నవి. అర్బుదమును కోసి కొంచెము మిగిల్చినచో మరల పెరుగునని చికిత్సాస్థానమున నున్నది. ఆ మహర్షి కత్తిని నిషేధింపలేదు. సగము పనిని నిషేధించెను. గడ్డ లన్నియు నొకటి కావని వారెఱుగుదురు. వారికి లేనిది సూక్ష్మదర్శిని మాత్రమే. ఈ మాట చెప్పిన పిమ్మట వదినగారు పరీక్షకు సమ్మతించిరి. మేమును వెంట వెళ్లితిమి.

చర్మమునకు మత్తుమందిచ్చి బోలుసూదితో సేమియా పోగులవంటి తునుకలను తీసిరి. అవి చెడకుండ ఫార్మలిను నీటిలో నుంచిరి. తరువాత వానిలోని నీటిని సారాయముచే తొలగించి, మైనమున పోతపోసి, మిల్లీమీటరులో వేయవ భాగములు మూడో నాలుగో యైనంత పలుచని పొరలుగా కోయుదురట. ఒక చెట్టు చేవనుండి తీసిన హెమటాక్సిలిను కణకేంద్రములకు నీలము నిచ్చును. ఇయోసిను తక్కినదానికి గులాబిరంగు నిచ్చును. చీరెకు రంగులద్దినట్లున్న ఆ పొరను చూచి వైద్యులు తీర్పు చెప్పుదురు.

ఆ తీర్పు "ఔను, కాదు" అన్నంతటితో ముగియదు. కణములు గొట్టములవలె తీరియున్నవా, కేంద్రములు వికారముగ నున్నవా, ఎన్ని కణములు చీలుచున్నవి యను మూడింటికి ఒక్కొక్కదానికి 1 నుండి 3 వఱకు అంకెలు వేయుదురు. మొత్తము 5 వఱకైన మొదటి తరగతి. 6, 7 అయిన రెండవది. 8, 9 అయిన మూడవది, మిక్కిలి దుడుకైనది. ఇది రోగమెంత దూరము ప్రాకెనో తెలుపు దశ కాదు, దాని స్వభావము. పిదప ఈస్ట్రోజను, ప్రొజెస్టరోనులను గ్రహించు గుణము కలదా, హెర్‌2 మిక్కుటముగ నున్నదా యని వేఱు పరీక్షలు చేయుదురు. ఏ మందు పనిచేయునో వీనివలననే తెలియును.

వదినగారికి వచ్చినది కాన్సరే. కాని హార్మోనులకు లొంగు జాతిదని ఆ తునుకలే చెప్పెను. శస్త్రచికిత్స యైనది, దినమున కొక మాత్ర వేసికొనుచు మూడవయేట నున్నారు. పోయిన నాలుగు నెలలను మాత్ర మెవ్వరును తిరిగి తేలేరు.

సూది దారిని కణములు జారుట అరుదుగా లేకపోలేదు. కాని రొమ్ము విషయమున దానిచే ఆయువు తగ్గినట్లు వైద్యులు కనుగొనలేదు. వృషణమువంటి కొన్ని యంగములందు వైద్యులే సూదిని మానుదురు. కావున ఈ విషయమును నిర్ణయింపవలసినవారు వైద్యులు గాని, పొరుగింటివారు కారు.

పరీక్ష చేయించుకొను సోదరీమణులు రెండు సంగతులు గుర్తుంచుకొనవలెను. రిపోర్టు కాగితమును పెట్టెలో భద్రపఱచుకొనుడు. మైనపు దిమ్మెను పరీక్షశాలవారు దాచియుంతురు. సందేహమున్నచో దానిని తెప్పించి మఱియొక వైద్యునిచే చూపించుకొనవచ్చును. మరల సూది అక్కఱలేకపోవచ్చును.

సిగ్గుచే గడ్డను దాచుకొనుట మనకు వాడుక. ఆ సిగ్గు మర్యాద కాదు. గడ్డ కనబడిన వారములోనే తల్లికో, అత్తగారికో, భర్తకో చెప్పి డాక్టరుకడకు వెళ్లుడు. పేరు తెలిసిన రోగమునకు మందు వెదకవచ్చును. పేరు తెలియని రోగముతో పోరాడుట చీకటిలో కత్తి త్రిప్పుటయే.