తిరుగు టికెట్టుకు ముందు

విదేశంలో ఒక సెమిస్టరు చదివి ఇంటికొచ్చిన పిల్లలు డాక్టరు దగ్గరికి రావడం కొత్తేమీ కాదు. నిద్ర పట్టదు, గుండె దడ, పుల్లటి తేన్పులు, అమ్మ ఏం వండినా సయించదు. తల్లులు దీన్ని నీటి మార్పు అంటారు, తండ్రులు జెట్‌లాగ్ అంటారు. జెట్‌లాగ్‌కి మాత్రం ఓ లెక్క ఉంది. మనిషి ఒంట్లోని గడియారం సహజంగా 24 గంటల కన్నా కాస్త నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి, తూర్పుకి ప్రయాణించి దాన్ని ముందుకి జరపడం కష్టం. అయినా ఒక్కో గంట తేడాకి సుమారు ఒక్కో రోజు చాలు. చలికాలంలో జర్మనీకీ మనకీ తేడా నాలుగున్నర గంటలు, అంటే వారంలో అంతా సర్దుకోవాలి. నెల దాటినా సర్దుకోకపోతే విమానాన్ని తిట్టి లాభం లేదు. నా అనుభవంలో అలాంటి కేసుల్లో చాలావాటి మూలం ఆ ఊళ్ళో వాళ్ళు గడిపిన ఆఖరి వారాల్లో ఉంది.

మా బిలాస్‌పూర్ రైల్వే కాలనీల తెలుగు కుటుంబాల్లో చాలామంది పెద్దలు బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనికోసం వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్ళు. ఇప్పుడు వాళ్ళ మనవలు హైదరాబాద్, విశాఖ కాలేజీల్లో చేరి, అక్కణ్ణుంచి ఎక్స్ఛేంజి మీద ఐరోపాకి వెళ్తున్నారు. వీళ్ళ ఆఖరి నెల మామూలుగా రెండు రకాలుగా పాడవుతుంది. కొందరు నెల ముందే మనసులో ఇంటికొచ్చేస్తారు: పెట్టె సగం సర్ది, రోజులు లెక్కపెడుతూ, రాత్రి పొద్దుపోయేదాకా ఇంటికి ఫోన్లు. ఇంకొందరు మళ్ళీ ఈ అవకాశం రాదని రాత్రి బస్సుల్లో ఊరి తర్వాత ఊరు చుట్టేస్తారు. నిద్రలేదు, భోజనం లేదు, ఎనర్జీ డ్రింకుల మీద బతుకు. చూడ్డానికి రెండూ వ్యతిరేకాలే గాని, నష్టం ఒకటే. తాము నాలుగు నెలలు బతికిన ఊరిని ఇద్దరూ వదిలేశారు. ఆ ఊళ్ళో మామూలు రోజుల్ని మామూలుగానే, కాస్త కళ్ళు తెరిచి గడపడమే ఆఖరి వారాల సుఖమని నా వాదన.

దీనికి ఆధారం లేకపోలేదు. జైమీ కర్ట్జ్ అనే పరిశోధకురాలు వర్జీనియా విశ్వవిద్యాలయంలో పట్టా అందుకోబోతున్న విద్యార్థుల మీద చేసిన ఒక ప్రయోగాన్ని 2008లో ప్రచురించింది. అందరికీ మిగిలిన కాలం ఒకటే. దాన్ని కొందరికి చాలా తక్కువన్నట్టు, మరికొందరికి ఇంకా బోలెడన్నట్టు చెప్పింది. తక్కువే ఉందనుకున్నవాళ్ళు తర్వాతి రెండు వారాల్లో ఎక్కువ సంతోషంగా ఉన్నారు, కాలేజీ జీవితంలో మరింత కలిసిపోయారు. ముగింపు గుర్తుకొస్తే దిగులు పెరుగుతుందని మనం భయపడతాం గాని, ఫలితం దానికి విరుద్ధంగా వచ్చింది. ఇక మా వైద్య వృత్తికి దగ్గరి ఉదాహరణ కొలనోస్కోపీ, అంటే పెద్దపేగులోకి గొట్టం పంపి చేసే పరీక్ష. పరీక్ష చివర్లో గొట్టాన్ని కదపకుండా మరికాసేపు ఉంచితే, రోగి మొత్తం ఇబ్బందిపడ్డ సమయం పెరిగినా, జ్ఞాపకంలో బాధ కాస్త తగ్గిందని రెడెల్‌మైర్, కాట్జ్, కానెమాన్ అనే పరిశోధకులు 2003లో చూపించారు. ఆఖరి నిమిషాలు తేలిగ్గా గడిచాయి కనుక. అయితే దీన్ని పట్టుకుని అంతా ముగింపులోనే ఉందనడం తొందరపాటు. న్యూజీలాండ్ పరిశోధకులు 2008లో వారం రోజుల సెలవుల మీద ఇదే సూత్రాన్ని పరీక్షిస్తే అది అంత బాగా నిలవలేదు. గుర్తుండిపోయిన ఒక రోజు ఎలా గడిచిందన్నదే ఎక్కువ లెక్కకొచ్చింది. ఈ అభ్యంతరాన్ని ఒప్పుకుంటాను. ఒప్పుకున్నా నా వాదనకి ఢోకా లేదు, ఎందుకంటే నేను ఆఖరి నెలని అడుగుతున్నది తర్వాత నెమరువేసుకోవడానికి కాదు, ముగించాల్సినవి ముగించడానికి.

ఈ మాట మా ఊరి స్టేషన్ బాగా చెబుతుంది. రవీంద్రనాథ్ టాగూర్ 'పలాతక' సంపుటి (1918)లోని 'ఫాంకి' కవితలో కథంతా బిలాస్‌పూర్ స్టేషన్లో ఆరు గంటల బండి మార్పు మీద తిరుగుతుంది. గాలి మార్పు కావాలని డాక్టర్లు చెబితే, ఇరవైమూడేళ్ళ బిను మొదటిసారి అత్తిల్లు దాటి బయల్దేరుతుంది. దారిలో ప్రతి చిన్నదీ ఆమెకి సంబరమే. స్టేషన్లో రుక్మిణి అనే పనిమనిషి కూతురి పెళ్ళికి పాతిక రూపాయలడిగితే, బిను ఇమ్మంటుంది. భర్త రెండు రూపాయలు పడేసి, మొత్తం ఇచ్చానని భార్యతో అబద్ధమాడతాడు. రెండు నెలల్లో ఆమె పోతుంది, ఆ రెండు నెలలూ తనకి నిండుగా గడిచాయన్న తృప్తితోనే. తర్వాత భర్త ఆ పాతిక పట్టుకుని వస్తే రుక్మిణి ఊళ్ళో లేదు. డాక్టరుగా నా కళ్ళకి ఇక్కడ రోగి ఆమె కాదు, అతను. ఒకే ప్రయాణం, ఒకే రెండు నెలలు. బాకీ మిగుల్చుకున్నవాడికే అవి జబ్బయ్యాయి. హాంబర్గ్‌లో ష్వోరర్, క్రోట్, ఎట్టింగెన్ అనే పరిశోధకులు 2020లో ప్రచురించిన పరిశోధనల సారాంశం కూడా ఇదే: చెయ్యాల్సింది చేశాం, చెప్పాల్సింది చెప్పాం అనిపించిన ముగింపు ఉన్నవాళ్ళకి పశ్చాత్తాపం తక్కువ, తర్వాతి దశలోకి అడుగుపెట్టడం తేలిక. నిద్రపట్టని పిల్లల్ని తిండి గురించి కాక మనుషుల గురించి అడిగితే తరచు బయటపడేవి ఇలాంటి చిన్న బాకీలే. గది పంచుకున్న స్నేహితుడితో మాటామాటా వచ్చి మౌనంగా వచ్చేయడం, పండగకి ఇంటికి పిలిచిన కుటుంబానికి చెప్పకుండా విమానమెక్కడం. అయిఫిల్ టవర్ చూడలేకపోయానని మంచం పట్టినవాళ్ళు మాత్రం నాకింకా తగల్లేదు.

పరీక్షలుంటాయి కదా, ఈ సుఖాలకి తీరికెక్కడిది అనేది తల్లిదండ్రుల మొదటి ప్రశ్న. నిజమే, పరీక్షలే కాదు, గది డిపాజిట్టు, బ్యాంకు ఖాతా మూత, జర్మనీలో అయితే దేశం విడుస్తున్నట్టు నగర కార్యాలయంలో నమోదు రద్దు, అన్నీ ఆ వారాల్లోనే. కానీ నేను చెప్పే సుఖానికి వేరే పూట అక్కర్లేదు. రోజూ వెళ్ళే బేకరీకే వెళ్ళాలి, రోజూ వండుకునే వంటే నలుగురితో వండుకోవాలి, రాత్రి ఫోను పదకొండింటికి పెట్టేయాలి. రెండో ప్రశ్న ఇంకా గట్టిది: అప్పు చేసి పంపాం, ఆనందించడానికా? దీనికి జవాబు రైల్వేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. రిటైరయ్యే ఉద్యోగి ఆఖరి నెల సెటిల్మెంటు కాగితాలకి తిరుగుతూనే డ్యూటీ ఎక్కుతాడు, షెడ్డులో అందరితో టీ తాగుతాడు. అది తప్పని ఎవరూ అనరు. అది మానేసి కాగితాల్లోనే మునిగినవాళ్ళకే క్వార్టరు ఖాళీ చేశాక బీపీ ఎగరడం ఎక్కువగా చూస్తాం.

కనుక టికెట్టు తీసేటప్పుడే ఒక మాట. చివరి పరీక్ష మర్నాడే విమానం పెట్టకండి, కనీసం నాలుగైదు రోజులు వదలండి. ఛార్జీ కాస్త పెరగొచ్చు, గది అద్దె ఎలాగూ నెలాఖరుదాకా కట్టేసి ఉంటారు. ఆ రోజుల్లో కొత్త ఊరు చూడాలనుకుంటే ఒకటి చాలు, అదీ పగటి బండిలో. మందులు వాడే పిల్లలైతే డాక్టరు చీటీతో సహా చేతి సంచిలో పెట్టుకోవాలి, ఇది విడిగా చెప్పాల్సి రావడం విచిత్రమే గాని చెప్పక తప్పదు. ఇల్లు చేరాక పొద్దున్న ఎండలో అరగంట నడవడం, మధ్యాహ్నం నిద్ర మానడం, చుట్టాల విందులు రెండో వారానికి జరపడం చెయ్యాలి. ఇంతా చేసి మూడు వారాలకీ నిద్ర రాకపోతే అప్పుడు రండి.