బ్యాటరీ వెనక్కి, కారు ముందుకి

దేశ రాజధానిలో పాత కార్లను బతికించుకోవాలంటే యజమానులు ఎండతోనూ, చట్టంతోనూ పోరాడాలి

ఢిల్లీలో పాత కారుకు ఇద్దరు శత్రువులు. ఒకటి ఎండ, రెండోది చట్టం. మే, జూన్‌లలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరితే బానెట్ కింద పరిస్థితి కొలిమే. మొదట ప్రాణం పోయేది బ్యాటరీకి. జనవరి చలిలో ఇంజిన్ ఆయిల్ చిక్కబడినప్పుడు సెల్ఫ్ మొరాయించేదీ దానివల్లే. అందుకే క్లాసిక్ కార్ల యజమానులు బ్యాటరీని ఇంజిన్ పక్కనుంచి తీసి డిక్కీలోకి మార్చాలా అని తర్జనభర్జన పడుతుంటారు.

ఈ చర్చకు కేంద్రం కశ్మీరీ గేట్. నికల్సన్ రోడ్డు, మోరీ గేట్ పరిసరాల్లో విస్తరించిన ఈ విడిభాగాల బజారు దేశంలోని పెద్దవాటిలో ఒకటి. ఇరుకు దుకాణాల్లో లావుపాటి రాగి కేబుళ్లు, సీసపు టెర్మినళ్లు దొరుకుతాయి. అక్కడ లేనిదాన్ని పశ్చిమ ఢిల్లీలోని మాయాపురి తుక్కు బజారులో వెతుక్కోవాలి.

బ్యాటరీని చోటు మార్చడం అపచారమేమీ కాదు. కార్ల కంపెనీలే దాన్ని రకరకాల చోట్ల పెట్టాయి. ఫోర్డ్ మోడల్-ఎలో అది పాదాల కింది చెక్కల అడుగున ఉండేది. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌లో వెనక సీటు కింద, 1959లో వచ్చిన మినీలో డిక్కీలో చోటు దక్కింది. సీసం-ఆమ్లం బ్యాటరీ వేడికి జడుస్తుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందన్నది మెకానిక్కులు, ఇంజినీర్లు ఒప్పుకునే లెక్క. ఇంజిన్ సెగకు దూరంగా ఉంటే మరికొంత కాలం నిలుస్తుంది.

రాగి లెక్క

అయితే దూరానికీ మూల్యం ఉంది. సెల్ఫ్ తిరిగే క్షణంలో కారు 200 ఆంపియర్ల దాకా లాగుతుంది. డిక్కీ నుంచి ఇంజిన్ దాకా 4 మీటర్ల కేబుల్ వేస్తే, 25 చదరపు మిల్లీమీటర్ల రాగిలో అర వోల్టుకు పైగా దారిలోనే హరించుకుపోతుంది. 12 వోల్టుల కారు దీన్ని తట్టుకుంటుంది. పాత 6 వోల్టుల కార్లకు ఆ నష్టం పెద్దది. కేబుల్ అడ్డుకోత వైశాల్యం రెట్టింపు చేస్తే నష్టం సగమవుతుంది, ఖర్చు పెరుగుతుంది.

అసలు ప్రమాదం మరోచోట ఉంది. రేకులో చేసిన రంధ్రం అంచు కేబుల్ తొడుగును కోసేస్తే మంటలు రేగుతాయి. అందుకే రంధ్రానికి రబ్బరు వాషరు, బ్యాటరీ పక్కనే పెద్ద ఫ్యూజు లేదా కటాఫ్ స్విచ్ తప్పనిసరి. చార్జింగ్‌లో వెలువడే హైడ్రోజన్ డిక్కీలో పేరుకోకుండా మూతపెట్టెకు బయటికి గొట్టం కావాలి. 1960ల దాకా వచ్చిన చాలా బ్రిటిష్ కార్లలో ప్లస్ వైరే బాడీకి కలిపి ఉంటుంది. అలవాటు చొప్పున మైనస్ కలిపితే కొంప మునిగినట్టే.

ఇంత చేశాక మరో చిక్కు: అసలు రూపు. స్టేట్స్‌మన్ పత్రిక 1964లో మొదలుపెట్టిన వింటేజ్ ర్యాలీ, 2011లో వచ్చిన 21 గన్ సెల్యూట్ వంటి వేడుకలు పాత కార్లకు పండగలు. ఇలాంటి పోటీల్లో న్యాయనిర్ణేతల కళ్లు బానెట్ కిందికీ వెళ్తాయి. అందుకే కొందరు మధ్యేమార్గం కనిపెట్టారు. పాత రబ్బరు బ్యాటరీ డొల్లను యథాస్థానంలో ఉంచి, పనిచేసే బ్యాటరీని కనిపించని చోట దాచేస్తారు. రేకు కోయకుండా, పాత రంధ్రాల్లోంచే కేబుల్ పంపుతారు. వద్దనుకున్న రోజున అంతా విప్పి పూర్వరూపానికి తేవచ్చు.

యాభయ్యేళ్ల పరీక్ష

అలా విప్పగలగడం చట్టం దృష్టిలోనూ మేలే. కేంద్రం 2021 జూలైలో ప్రకటించిన నిబంధనల ప్రకారం, 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో చెప్పుకోదగ్గ మార్పులు లేని వాహనానికే వింటేజ్ గుర్తింపు. నంబరు ప్లేటుపై 'విఎ' అక్షరాలు, రూ.20,000 రుసుము, పదేళ్ల చెల్లుబాటు. అయితే రోజూ తిప్పడానికి వీల్లేదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, ఇంధనం, మరమ్మతుల కోసమే రోడ్డెక్కాలి.

నలిగిపోయేది నడివయసు కార్లే. 10 ఏళ్లు దాటిన డీజిల్, 15 ఏళ్లు దాటిన పెట్రోల్ వాహనాలపై హరిత ట్రిబ్యునల్ విధించిన నిషేధాన్ని సుప్రీంకోర్టు 2018లో సమర్థించింది. 2025 ఆగస్టులో కఠిన చర్యలు వద్దన్నా, డిసెంబరులో ఆ రక్షణను బిఎస్-4, ఆపై ప్రమాణాల వాహనాలకే పరిమితం చేసింది. 1985 నాటి ప్రీమియర్ పద్మినికి వింటేజ్ హోదా 2035కి ముందు రాదు. అప్పటిదాకా అది రాజధాని రోడ్లకు పాతది, చరిత్రకు కొత్తది. పొరుగు రాష్ట్రాలకు తరలించడమో, తుక్కుకు ఇవ్వడమో, షెడ్డులో కదలకుండా ఉంచడమో యజమాని తేల్చుకోవాలి. కదలని కారులో బ్యాటరీ మరింత త్వరగా చస్తుంది.

గురుగ్రామ్ దాటాక తావుడూలో 2013లో తెరిచిన హెరిటేజ్ ట్రాన్స్‌పోర్ట్ మ్యూజియంలో పాత వాహనాలు నీడపట్టున సేదదీరుతున్నాయి. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం 1912 రోల్స్ రాయిస్‌లాగే వాటికీ రోజూ సెల్ఫ్ కొట్టాల్సిన పని లేదు. రోడ్డు మీద నడవాలని కోరుకునే కార్ల సంగతే వేరు. వాటి కోసం కశ్మీరీ గేట్‌లో ఇప్పటికీ ఎవరో ఒకరు కేబుల్‌ను మూరల్లో కొలిపించుకుంటూనే ఉంటారు.