కిలోమీటరు రాయి చెప్పని లెక్క

హిమాచల్ ప్రదేశ్‌లోని మనాలి పట్టణానికీ లదాఖ్‌లోని లేహ్‌కూ మధ్య దూరం సుమారు 430 కిలోమీటర్లు. మైదాన ప్రాంతంలోని మంచి రహదారి మీదనైతే పొద్దున్నే ఫలహారం చేసి బయలుదేరిన కారు సాయంకాలం టీ వేళకు ఆ దూరాన్ని దాటేస్తుంది. ఇక్కడ మాత్రం సాధారణ ప్రయాణికులు దారిలో ఒక రాత్రి మజిలీ చేసి, రెండవ రోజుకు గమ్యం చేరుకుంటారు. కారులోని మీటరు రెండు ప్రయాణాలకూ ఒకే అంకె చూపుతుంది. ఇంజను పడిన శ్రమ మాత్రం ఒక్కటి కాదు. ఆ శ్రమలో పుట్టిన మురికినంతా తనలో దాచుకొనేది అరచేతిలో ఇమిడే ఒక చిన్న డబ్బా. అదే ఆయిల్ ఫిల్టరు. దానిని ఎంతకాలం నిశ్చింతగా వాడవచ్చునో తెలుసుకోగోరేవారికి ఈ దారిని మించిన పాఠశాల లేదు.

మనాలి దాటగానే దేవదారు వనాల నడుమ ఎక్కుడు మొదలవుతుంది. 2020 అక్టోబరులో అటల్ సొరంగం తెరుచుకొనేంత వరకు ప్రతి వాహనమూ దాదాపు 3,980 మీటర్ల ఎత్తున ఉన్న రోహ్తాంగ్ కనుమను ఎక్కి దిగవలసిందే. కొండచరియ విరిగినా, మంచు కురిసినా వాహనాలు గంటల తరబడి బారులు తీరేవి. కదలని కారులో ఇంజను తిరుగుతూనే ఉండేది. మీటరు ముల్లు మాత్రం ఉన్నచోటనే ఉండేది. 9 కిలోమీటర్ల ఆ సొరంగం ప్రయాణాన్ని 46 కిలోమీటర్ల మేర తగ్గించింది. అయినా దాని అవతల ఉన్న కనుమలు ఉన్నచోటనే ఉన్నాయి.

సొరంగం దాటి లాహౌల్ లోయలో కొంత దూరం సాగితే తాండీ గ్రామం వస్తుంది. చంద్ర, భాగ నదులు ఇక్కడ కలిసి చంద్రభాగ అవుతాయి. దిగువన చీనాబ్ అన్న పేరుతో ప్రసిద్ధి కెక్కినది ఈ నదియే. ఇక్కడి పెట్రోలు బంకు వద్ద, తరువాతి బంకు 365 కిలోమీటర్ల దూరాన ఉన్నదని హెచ్చరించే బోర్డు ఎన్నో ఏళ్ళపాటు ప్రయాణికులకు సుపరిచితం. దానిని చూసి ప్రతివారూ పెట్రోలు నింపుకొనేవారు. ఇంజను ఆయిలును గురించి ఆలోచించేవారు అరుదు. పెట్రోలు అయిపోతే దారిన పోయే లారీ నుంచి రెండు లీటర్లు అడిగి తెచ్చుకోవచ్చు. బేరింగులు అరిగి ఇంజను పట్టేసిన కారుకు అక్కడ ఎవరూ సాయం చేయలేరు.

ఇంతకీ ఆ డబ్బాలో ఉన్నదేమిటి? మడతలు మడతలుగా అమర్చిన ఒక ప్రత్యేకమైన కాగితం. పంపు తోసిన ఆయిల్ ఆ మడతల గుండా వడగట్టబడి, బేరింగులకూ పిస్టన్లకూ చేరుతుంది. లోహపు రజను, మసి, గాలి ఫిల్టరును తప్పించుకొని వచ్చిన ధూళి అక్కడ చిక్కుకుంటాయి. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యింట డెబ్బై వంతులు. ఫిల్టరు అంతకంటె సన్నని రేణువులను కూడా పట్టి ఉంచుతుంది. 1920 దశకంలో అమెరికాలో ఎర్నెస్ట్ స్వీట్లాండ్ ఈ పరికరానికి రూపకల్పన చేయక పూర్వం కార్లలో ఉన్నది జల్లెడవంటి తీగవల మాత్రమే. ఆనాటి ఇంజన్లకు తరచు ఆయిల్ మార్చడమొక్కటే రక్ష.

కాగితం మడతలు నిండిపోతే ఏమవుతుంది? ఆయిల్ ఆగిపోతుందని చాలామంది భావిస్తారు. నిజానికి ఆగదు. ఫిల్టరులోనో, దానికి పక్కనే ఇంజనులోనో చిన్న కవాటం ఒకటి అమర్చి ఉంటుంది. ఫిల్టరు పూడుకొని ఒత్తిడి పెరిగితే ఆ కవాటం తెరుచుకొని, వడగట్టని ఆయిలునే నేరుగా ఇంజనులోకి పంపుతుంది. చుక్క నూనె లేకుండా తిరగడం కంటె మురికి నూనెతో తిరగడం మేలన్నది దానిని రూపొందించినవారి ఆలోచన. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. ఆయిల్ ఒత్తిడి సవ్యంగానే ఉంటుంది కనుక ఎర్ర దీపం వెలగదు, చప్పుడు మారదు. సన్నని రజను మాత్రం బేరింగులను ఆకురాయిలా అరగదీస్తూనే ఉంటుంది. ఎర్ర దీపం వెలిగేనాటికి జరగవలసిన నష్టం చాలావరకు జరిగిపోయి ఉండవచ్చు.

తాండీ నుంచి కేలాంగ్, జిస్పా, దార్చాల మీదుగా సాగే బాట దాదాపు 4,890 మీటర్ల ఎత్తున బారాలాచా కనుమను దాటి సర్చూ మైదానంలోకి దిగుతుంది. గుడారాలలో రాత్రి గడిపే యాత్రికులకు వేసవిలో సైతం ఇక్కడి చలి ఎముకలు కొరుకుతుంది. తెల్లవారుజామున ఆయిల్ చిక్కబడి ఉంటుంది. చిక్కని నూనె కాగితంలోనుంచి సులువుగా దూరలేదు కనుక ఆ కవాటం ప్రతి ఉదయమూ కొద్దిసేపు తెరుచుకోవచ్చు. శుభ్రమైన ఫిల్టరైతే ఆయిల్ వేడెక్కగానే కవాటం మూసుకుంటుంది. సగం పూడుకొన్న ఫిల్టరులో అది తెరిచి ఉండే వ్యవధి పెరుగుతుంది.

సర్చూ దాటాక గాటా మలుపులు. 21 మలుపులు తిరుగుతూ దారి కొండ నెక్కుతుంది. ఆ పైన లాచులుంగ్ కనుమ, పాంగ్ మజిలీ, అటుపై మోరే మైదానం. అయిదు వేల మీటర్ల ఎత్తున గాలి పీడనం సముద్రతీరంలో ఉన్నదానిలో సగానికి కొంచెమే ఎక్కువ. అందువల్ల ఇంజను సత్తువ తగ్గి, ఎక్కుడు పొడుగునా చిన్న గేరులో మూలుగుతూ సాగుతుంది. సరిహద్దు రోడ్ల సంస్థవారు మరమ్మతులు చేసే చోట ముందరి లారీ లేపిన దుమ్ము వెనుకటి కారును ముంచెత్తుతుంది.

ఇప్పుడు లెక్క చూడవచ్చు. మన దేశంలో నేడు అమ్ముడయ్యే అనేక కార్లకు 10,000 కిలోమీటర్లు లేదా ఒక సంవత్సరం, ఏది ముందైతే అది, ఆయిలుకూ ఫిల్టరుకూ గడువు. గంటకు 60 కిలోమీటర్ల సగటు వేగంతో ఆ దూరం సాగితే ఇంజను తిరిగేది సుమారు 167 గంటలు. కొండదారిలో గంటకు 25 కిలోమీటర్ల చొప్పున సాగితే 400 గంటలు. మీటరు మీద అంకె ఒక్కటే, పని రెండింతలకు మించినది. అందుకే కారుతో ఇచ్చే పుస్తకంలో దుమ్ము, కొండలు, ట్రాఫిక్కు, అతి చలి గల చోట్ల ఇంకా ముందుగానే మార్చమన్న సూచన సాధారణంగా ఉంటుంది. అటువంటి వాడకంలో గడువును సగానికి తగ్గించుకోవడం వివేకం. పుస్తకంలో అంతకంటె తక్కువ చెప్పి ఉంటే దానినే పాటించాలి. నగరంలో రోజూ సిగ్నళ్ళ వద్ద ఆగి ఆగి నడిచే కారు కూడా, తెలియకుండానే, ఈ కోవకే చెందుతుంది.

సంవత్సరపు గడువుకూ కారణముంది. శీతకాలంలో మంచు వల్ల ఈ దారి నెలల తరబడి మూతపడుతుంది. తిరగని కారులో కూడా ఆయిలులో తేమ, ఆమ్లాలు చేరతాయి. ఫిల్టరులోని రబ్బరు భాగాలు కాలక్రమేణా గట్టిపడతాయి. ఆయిల్ మార్చి ఫిల్టరు ఉంచేసే పొదుపరులూ ఉన్నారు. కడగని గిన్నెలో కొత్త పాలు పోసినట్లే అది. ఫిల్టరు ఖరీదు సాధారణంగా కొన్ని వందల రూపాయలు. ఇంజను విప్పించవలసి వస్తే వేలు, పదివేలు.

తీసిన ఫిల్టరును మంచి మెకానిక్కు విసిరివేయడు. నూనె ఓడ్చి, వాడిన ఆయిలుతో పాటు అనుమతి పొందిన సేకరణదారుకు అప్పగిస్తాడు. వర్షం అరుదైన ఈ ఎడారిలో మంచు కరిగి వచ్చే వాగులే పల్లెలకు ప్రాణాధారం. ఒక్క డబ్బా నూనె ఒక వాగును చెడగొట్టగలదు.

చివరి పెద్ద ఎక్కుడు తంగ్లాంగ్ కనుమ, 5,300 మీటర్లకు పైగా ఎత్తు. అక్కడ ప్రార్థన పతాకాలు గాలికి రెపరెపలాడుతుంటాయి. అటుపై ఎర్రని, ఊదారంగు కొండల నడుమ దారి దిగి ఉప్షీ వద్ద సింధు నదిని చేరుకుంటుంది. నది వెంట కారూ, థిక్సే దాటాక లేహ్. చేరుకొన్న యాత్రికులు కనుమలను, గుడారాలను, నీలాకాశాన్ని గురించి ముచ్చటించుకుంటారు. ఇంజనులోని ఆ కాగితపు మడతలు మాత్రం ఈ దారి పొడుగునా తిన్న దుమ్మును మౌనంగా మోస్తూనే ఉంటాయి. తిరుగు ప్రయాణానికి ముందు వాటి గడువు లెక్క చూసుకొన్నవాడే తెలివైన బాటసారి.